ఆ రాత్రి ఆమె ఎక్కడుండాలి?

మత్తు డాక్టరు: మేడం, ఉన్నమాట చెప్తాను, ఏమనుకోకండి. ఐవీఎఫ్ కోసం అండాలు తీసే పని నిజామాబాద్‌లో చేయకూడదంటాను నేను. ఇక్కడివాళ్లకు చేతకాదని కాదు. స్కాన్ తెర చూస్తూ యోని గోడలోంచి సూది పోనిచ్చి, అండాశయంలోని ఒక్కో నీటితిత్తిలోంచి ద్రవం లాగడం ఇరవై నిమిషాల పని. ఇక్కడ ఖలీల్‌వాడీలో చేసినా హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో చేసినా సూది అదే. కానీ ఆ సూదిపోటు దగ్గర కడుపులోపల నెత్తురు ఆగకపోతే? అర్ధరాత్రి పూట రక్తం, ఐసీయూ, లాప్రోస్కోపీ తెలిసిన సర్జన్, మత్తు ఇచ్చే మనిషి, అన్నీ అదే ఆసుపత్రిలో దొరకాలి. దొరకని చోట ఆ సూది పట్టుకోకూడదు.

గైనిక్ డాక్టరు: వెయ్యిమందికి తీస్తే ఒకరికో ఇద్దరికో అలా అవుతుంది సార్. అంతకన్నా తక్కువేనని చెప్పే లెక్కలూ ఉన్నాయి. యోని గోడ దగ్గర కాస్త నెత్తురు కనపడటం మామూలే. గాజుగుడ్డతో కాసేపు ఒత్తి పట్టుకుంటే ఆగుతుంది, ఆగకపోతే ఒక కుట్టు వేస్తాం. మీరంటున్నది లోపలి రక్తస్రావం. దానికి భయపడి అందర్నీ హైదరాబాద్ పంపమంటారా? వర్ని నుంచో కోటగిరి నుంచో వచ్చే అమ్మాయి సంగతి ఆలోచించండి. పది పన్నెండు రోజులు రోజూ ఇంజెక్షన్, రెండు మూడు రోజులకోసారి స్కాన్. హైదరాబాద్ మనకు 175 కిలోమీటర్లు. ఆమె బీడీలు చుట్టి నాలుగు రాళ్లు సంపాదించుకునే మనిషి. భర్త దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు, రెండు నెలల ఛుట్టీ మీద వస్తాడు. బోధన్‌లో షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడ్డది, చెరకు పండిన మళ్లల్లో ఇప్పుడు వరి నిలబడ్డది, మగవాళ్లు ఎడారిలో ఉన్నారు. ఆ రెండు నెలల్లో బిడ్డ కోసం ఏదన్నా జరగాలి. హైదరాబాద్ పొమ్మంటే చాలామందికి అది వైద్యమే వద్దనడంతో సమానం.

మత్తు డాక్టరు: పోవడం కష్టమని ఒప్పుకుంటాను. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023 అక్టోబరులో ప్రభుత్వమే ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభించింది గదా అని అనబోయాను. కానీ ఇన్నిసార్లు అంతదూరం తిరగడం ఏ బీడీ కార్మికురాలికీ అయ్యే పని కాదు. సరే. అయితే అరుదు అన్న మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. అరుదైన ప్రమాదం ఎదురుగా కనపడితే భయం లేదు. ఇది కనపడదు. కాన్పులో రక్తస్రావమైతే మంచం తడుస్తుంది, దుప్పటి తడుస్తుంది, ఆయమ్మ కేక వేస్తుంది. ఇక్కడ ప్యాడ్ మీద నాలుగు చుక్కలు కూడా ఉండవు. అంతా పొట్టలోకి పోతుంది. యాభై కిలోల అమ్మాయి ఒంట్లో నెత్తురు మొత్తం కలిపి మూడు లీటర్ల పైచిలుకు. అందులో లీటరు దాకా పోయినా బీపీ నిలబెట్టుకుంటుంది వయసులో ఉన్న గుండె. ముందు మారేది నాడి. 80 ఉన్నది 96 అవుతుంది, తర్వాత 110. నర్సును అడిగితే "భయపడ్డట్టున్నది మేడం" అంటుంది. చెమటలు పడితే ఫ్యాన్ వేస్తారు. నొప్పి అంటే డైక్లోఫెనాక్ ఇస్తారు. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు కాబట్టి ఆమె కూడా సరిగా చెప్పలేదు. అనుమానం వచ్చి రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 10.5 అని వస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అక్కడే మోసం. కారిన తొలి గంటల్లో హిమోగ్లోబిన్ పడదు. కారిపోయింది పోగా మిగిలిన నెత్తురు చిక్కదనం అంతే ఉంటుంది. సెలైన్ ఎక్కి పలచబడ్డాక గానీ అంకె కిందికి దిగదు. అప్పటికి బీపీ కూడా దిగిపోతుంటుంది.

గైనిక్ డాక్టరు: ఇందులో ఒక్క మాట కూడా కాదనను. కుడి భుజం మీద నొప్పి కూడా కలపండి. కడుపులో చేరిన నెత్తురు డయాఫ్రం కిందికి పోయి ఒరుసుకుంటే నొప్పి భుజంలో తెలుస్తుంది. పడుకుంటే ఎక్కువవుతుంది. ఇంట్లోవాళ్లు మెడ పట్టేసిందనుకొని జండూబామ్ రాస్తారు. కానీ సార్, మీరు చెప్పిందంతా నా వాదనకే బలం. ఇది బల్ల మీద ఉన్నప్పుడు బయటపడదు, గంటలు గడిచాక బయటపడుతుంది. ఎక్కువగా తొలి 24 గంటల్లో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా. హైదరాబాద్‌లో పొద్దున అండాలు తీస్తే మధ్యాహ్నానికి పంపించేస్తారు. సాయంత్రానికి ఆమె ఎక్కడుంటుంది? మేడ్చల్ దాటి, తూప్రాన్ దాటి, కామారెడ్డి దగ్గర కారు వెనకసీట్లో ముడుచుకొని ఉంటుంది. రాత్రి పది గంటలకు ఎడపల్లిలో ఇంట్లో కళ్లు తిరిగి పడిపోతే ఎక్కడికి తెస్తారు? మళ్లీ 175 కిలోమీటర్లు పోరు. బోధన్ ఆసుపత్రికి తెస్తారు, అక్కడినుంచి ఇరవై ఆరు కిలోమీటర్లు మనదగ్గరికి తెస్తారు. మీరు వద్దన్న పని మనం మానేసినా, ఆ పని తెచ్చిపెట్టే రక్తస్రావం మాత్రం మన గడప తొక్కుతుంది. అప్పుడు ఆమెను చూసే డాక్టరు అంతకుముందు ఆమె అండాశయం ఎప్పుడూ చూసి ఉండడు. ఎన్ని అండాలు తీశారో, ఏం మందులు వాడారో తెలియదు. ఈ ఊళ్లో ఎవరూ ఆ పని చేయకపోతే ఆ రాత్రి దాన్ని గుర్తుపట్టేవాళ్లు కూడా ఉండరు.

మత్తు డాక్టరు: ఇది బలమైన మాట. దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. హైదరాబాద్ కేంద్రాలు దూరంనుంచి వచ్చినవాళ్లను ఆ రాత్రికి అక్కడే ఉంచుకోవాలి. పక్క లాడ్జిలో కాదు, నాడి చూసే మనిషి ఉన్న వార్డులో.

గైనిక్ డాక్టరు: ఉంచుకోవాలి. ఉంచుకుంటారా? మంచం అద్దె ఎవరు కడతారు? లక్షన్నర, రెండు లక్షలు అప్పుచేసి పోసినవాళ్లు ఇంకొక్క రోజుకు ఐదువేలంటే వెనకాడుతారు. నిజామాబాద్‌లో తీస్తే కనీసం ఆమె, నేను, రక్తనిధి ఒకే ఊళ్లో ఉంటాం.

మత్తు డాక్టరు: ఆ రక్తం సంగతే మాట్లాడదాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, 2019-21లో, తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే మన బల్ల మీదికి వచ్చే ఇద్దరిలో ఒకరు ముందే సగం ఖాళీ చేతులతో వస్తున్నారు. హిమోగ్లోబిన్ పన్నెండు ఉన్న అమ్మాయి తట్టుకునే రక్తస్రావాన్ని తొమ్మిది ఉన్న అమ్మాయి తట్టుకోలేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తనిధి ఉంది, రెడ్‌క్రాస్‌ది ఉంది, ఒప్పుకుంటాను. కానీ అర్ధరాత్రి ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కు నాలుగు యూనిట్లు, ప్లాస్మా కావాలంటే ఏం జరుగుతుందో మీకూ తెలుసు. శాంపిల్ పట్టుకొని ఒకడు బండి మీద పోవాలి. క్రాస్ మ్యాచింగ్‌కు ముప్పావుగంట. బదులు రక్తం ఇచ్చేవాళ్లు ఎవరని అడుగుతారు. తమ్ముడు బోధన్ నుంచి బయల్దేరాలి. నెగెటివ్ గ్రూపైతే వాట్సాప్ గ్రూపుల్లో వెతకాలి. ఈలోగా నేను ఆమెకు సెలైన్ మీద సెలైన్ ఎక్కిస్తూ ఉంటాను. ఉన్న నెత్తురు పలచనవుతుంది, గడ్డకట్టే గుణం తగ్గుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. ఆపడానికి చేసే పనే కారడానికి తోడ్పడుతుంది.

గైనిక్ డాక్టరు: ఐవీఎఫ్ హఠాత్తుగా వచ్చిపడే పని కాదు గదా సార్. కాన్పు నొప్పులు చెప్పి రావు. ఇది మనం తారీఖు పెట్టుకొని చేసేది. రెండు నెలల ముందే హిమోగ్లోబిన్ చూడొచ్చు, ఐరన్ ఎక్కించొచ్చు, పది దాటేదాకా ఆగమనొచ్చు. తీసేరోజు పొద్దున్నే రెండు యూనిట్లు క్రాస్ మ్యాచ్ చేయించి పేరు రాయించి పెట్టొచ్చు. ఇవన్నీ నిజామాబాద్‌లో సాధ్యమే. చేయకపోతే తప్పు ఊరిది కాదు, చేయనివాళ్లది.

ఇంకో సంగతి. ఈ వైద్యం తర్వాత ఆడమనిషి ప్రాణం తీసే రక్తస్రావం సూదిపోటు దగ్గర మొదలయ్యేది ఒక్కటే కాదు. గర్భం ట్యూబులో నిలిస్తే ఆరేడు వారాలకు ట్యూబు పగులుతుంది. మామూలు గర్భాల్లో నూటికి ఒకటో రెండో ట్యూబులో నిలుస్తాయి. ఐవీఎఫ్‌లో అంతకన్నా ఎక్కువ. లోకంలో ఐవీఎఫ్‌తో నిలిచిన తొలి గర్భాల్లో ఒకటి ట్యూబులోనే నిలిచింది. ఇంగ్లండ్‌లో స్టెప్టో, ఎడ్వర్డ్స్ 1976లోనే రాశారు. తొలి ఐవీఎఫ్ బిడ్డ లూయీ బ్రౌన్ పుట్టింది, మన కలకత్తాలో సుభాష్ ముఖర్జీ చేతిమీదుగా దుర్గ పుట్టింది, ఆ తర్వాత రెండేళ్లకు, 1978లో. ఒక్కోసారి ఒక పిండం గర్భసంచిలో, ఇంకోటి ట్యూబులో నిలుస్తాయి. స్కాన్‌లో లోపలి బిడ్డ గుండె కొట్టుకోవడం చూసి అందరూ సంతోషపడతారు, ట్యూబు వైపు ఎవరూ చూడరు. అది పగిలేటప్పుడు ఆమె హైదరాబాద్ కేంద్రంలో ఉండదు, రెంజల్‌లో పెరట్లో గిన్నెలు తోముతూ ఉంటుంది. దానికి మీరు ఏం నిషేధం పెడతారు? పగిలిన ట్యూబుల్ని ఈ ఊళ్లో ప్రభుత్వ ఆసుపత్రిలోనూ ఖలీల్‌వాడీలోనూ మనవాళ్లు ఎప్పటినుంచో ఆపరేషన్ చేస్తూనే ఉన్నారు. వాళ్లలో చాలామందికి మత్తు ఇచ్చింది మీరే.

మత్తు డాక్టరు: ఇచ్చాను. అందుకే చెప్తున్నా, ఆ రెండూ ఒకటి కావు. ట్యూబు పగిలితే సర్జన్‌కు దారి తెలుసు. పొట్ట తెరిచి, నెత్తురు గడ్డలు తోడేసి, ట్యూబును పట్టుకొని బిగిస్తే నెత్తురు ఆగుతుంది. ట్యూబు తీసేస్తారు, ఇంకో ట్యూబు ఉంటుంది, ఐవీఎఫ్‌కు ట్యూబుతో పనే లేదు. పన్నెండు రోజుల ఇంజెక్షన్లతో ఉబ్బిన అండాశయం అలాంటిది కాదు. పది సెంటీమీటర్ల దాకా పెరిగి, లోపలంతా తిత్తులతో, పైపొర పలచబడి ఉంటుంది. దానికి కుట్టు వేయడమంటే మిగలముగ్గిన సీతాఫలానికి దారంతో కుట్టు వేయడమే. బిగించినచోటల్లా చీలి కొత్తగా కారుతుంది. చెయ్యి తిరిగినవాళ్లు కరెంటుతో చుక్క చుక్క కాల్చి, కాసేపు ఒత్తి పట్టి, ఓపిగ్గా ఆపుతారు. అలవాటు లేని సర్జన్ రెండు కుట్లు వేసి, రెండూ తెగిపోతే, మూడోసారి అండాశయాన్నే తీసేస్తాడు. బిడ్డ కోసం వచ్చిన మనిషి అండాశయం. అది పోయిందని ఆమెకు తెల్లారాక తెలుస్తుంది.

గైనిక్ డాక్టరు: అందుకే నేను కత్తి పట్టడానికి తొందరపడను. చాలా రక్తస్రావాలు వాటంతటవే ఆగుతాయి. అండాలు తీసిన ఎవరికైనా పొట్టలో కొంత నెత్తురు పోతుంది. ఏ ఇబ్బందీ లేనివాళ్లలోనే తొలి 24 గంటల్లో సగటున 230 మిల్లీలీటర్ల దాకా పోతుందని 2001లో అచ్చయిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. స్కాన్‌లో గర్భసంచి వెనక కాస్త ద్రవం కనపడగానే పొట్ట కోస్తే ఊరికే కోసిన పొట్టలే ఎక్కువవుతాయి. మంచం మీద పడుకోబెట్టి, రెండు పెద్ద సూదులు పెట్టి, ట్రానెక్సామిక్ యాసిడ్ ఒక గ్రాము ఇచ్చి, రక్తం సిద్ధం చేసుకొని చూస్తాను.

మత్తు డాక్టరు: ట్రానెక్సామిక్ ఇవ్వండి, కాదనను. కానీ దాని మీద భారం వేయకండి. 2017లో ఫలితాలు వచ్చిన ఉమన్ ట్రయల్ ఇరవై వేలమంది బాలింతల మీద చేసింది. కాన్పు తర్వాత మూడు గంటల్లోపు ఇస్తే రక్తస్రావంతో చనిపోయేవాళ్లు తగ్గారు. అండాలు తీసిన తర్వాతి రక్తస్రావం మీద అంత పెద్ద పరీక్ష ఏదీ జరగలేదు. అక్కడి నమ్మకాన్ని ఇక్కడికి తెచ్చుకుంటున్నాం, అంతే.

చూస్తూ ఉండటం కూడా వైద్యమే మేడం, చూసే మనిషి ఉంటే. పావుగంటకోసారి నాడి, బీపీ రాసే నర్సు ఉండాలి. గంటకు మూత్రం ఎంత వచ్చిందో కొలవాలి. గంటకోసారి స్కాన్ పెట్టి, ద్రవం కాలేయం కిందిదాకా పాకిందా అని చూడాలి. పాకితే అది కొంచెం కాదు. నర్సింగ్‌హోమ్‌లో రాత్రి డ్యూటీకి ఒక్క అమ్మాయి ఉంటుంది, రెండు ఫ్లోర్లు చూసుకోవాలి. అక్కడ 'అబ్జర్వేషన్' అని కేస్‌షీటు మీద రాయడమే జరుగుతుంది. దానికి తోడు ఇంకో ప్రమాదం. కడుపుబ్బరం, నీరసం చూసి ఓహెచ్‌ఎస్‌ఎస్ అనుకుంటారు, అంటే ఇంజెక్షన్లకు అండాశయాలు అతిగా స్పందించి కడుపులో నీరు చేరడం. అందులో నెత్తురు చిక్కబడుతుంది, గడ్డలు కట్టకుండా హెపారిన్ ఇస్తారు. ఇక్కడ నెత్తురు కారిపోతోంది. పొట్ట ఉబ్బు రెండింట్లో ఒకటే, మందు మాత్రం ఒకదానికి ప్రాణం పోస్తే ఇంకోదానికి ప్రాణం తీస్తుంది. హెమటోక్రిట్, అంటే నెత్తురు చిక్కదనం, పెరుగుతోందా తగ్గుతోందా అని వరసగా చూసుకున్నవాళ్లకే తేడా తెలుస్తుంది.

గైనిక్ డాక్టరు: ఒప్పుకుంటున్నా. ఇంకో మాట నేనే చెప్తాను. ఏ కారణమూ లేకుండా అలవాటుగా ఆస్పిరిన్, హెపారిన్ రాసే కేంద్రాలున్నాయి. అండాలు తీసే ముందు వాటిని ఆపారా లేదా అని అడిగేవాళ్లు లేరు. చిన్నప్పటినుంచి నెలసరి అతిగా అవుతుందా, పన్ను పీకితే నెత్తురు ఆగలేదా అని రెండు ప్రశ్నలు వేస్తే, గడ్డకట్టే లోపం ఉన్నవాళ్లు కొందరు ముందే దొరుకుతారు. ఆ ప్రశ్నలకు ఖర్చు లేదు.

కానీ మీరు చెప్పండి, ఏ ఘడియలో కోయమంటారు? నాడి 110 ఉంది, బీపీ 100 ఉంది, స్కాన్‌లో ద్రవం ఉంది. కోయాలా?

మత్తు డాక్టరు: రెండు యూనిట్లు ఎక్కించాక కూడా నాడి దిగకపోతే కోయాలి. అరగంటలో ద్రవం పెరిగితే కోయాలి. ఆమె "నాకేదో అవుతున్నది సార్" అని పదేపదే అంటుంటే, అంకెలు బాగున్నా కోయడానికి సిద్ధపడాలి. నేను ఎక్కువగా నమ్మేది ఆ మాటనే. లాప్రోస్కోపీతో చూస్తామంటారు మీరు. ఒంట్లో నెత్తురు ఉన్నవాళ్లకు అది మంచిదే. కానీ పొట్టలోకి గ్యాసు నింపితే గుండెకు వెనక్కి వచ్చే రక్తం తగ్గుతుంది. మూడోవంతు నెత్తురు పోయినవాళ్లకు గ్యాసు పెట్టగానే బీపీ పాతాళానికి పోతుంది. అలాంటప్పుడు నిలువుగానో అడ్డంగానో పొట్ట తెరవడమే దగ్గరి దారి. మచ్చ పడుతుంది. పడనీయండి.

గైనిక్ డాక్టరు: మచ్చ గురించి కాదు సార్ నా బాధ. కోస్తే అండాశయం పోతుందేమోనని నాకు భయం, కోయకపోతే మనిషి పోతుందేమోనని మీకు భయం. రెండింట్లో ఏది పెద్దదో నాకూ తెలుసు. అయినా నా భయం పనికిమాలింది కాదు. తొందరపడి కోసిన చేతులే అండాశయాలు తీసేస్తాయి.

ఒక మాట మాత్రం ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్తాను. ఈ రాత్రి ఆపరేషన్ అయితే ఇంత డబ్బు వృథా అయిందని ఏడవాల్సిన పని లేదు. తీసిన అండాలు ల్యాబులో భద్రంగానే ఉంటాయి. పిండాలు చేసి గడ్డకట్టించి దాచొచ్చు, ఆమె కోలుకున్నాక మూడు నెలలకో ఆరు నెలలకో పెట్టొచ్చు. మూడోరోజో ఐదోరోజో పిండం పెట్టాల్సిందేనని పట్టుబట్టేవాళ్లుంటారు, ఛుట్టీ అయిపోతోందని. భర్త దుబాయ్ విమానం ఎక్కినా పిండాలు ఎక్కడికీ పోవు.

మత్తు డాక్టరు: భర్త దుబాయ్‌లో ఉంటే సంతకం ఎవరిది? ఇది నన్ను వేధించే ప్రశ్న. ఆమె మత్తులో ఉంటుంది. బయట అత్తగారు, ఫోన్‌లో భర్త. "ఏదన్నా చేయండి, గానీ గర్భసంచికి ఏం కావొద్దు" అంటుంది అత్త. 2008 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పరీక్ష కోసమని మత్తిచ్చి, బల్ల మీద ఉండగానే తల్లి ఒప్పుకుందని గర్భసంచి, అండాశయాలు తీసేసిన కేసు అది. ఆమె ఒప్పుకోలు లేకుండా తీయడం చెల్లదంది కోర్టు. ప్రాణం కాపాడటానికి అప్పటికప్పుడు తీయక తప్పని స్థితి ఉంటేనే మినహాయింపు అంది. కాబట్టి అత్త సంతకం, భర్త ఫోన్ మాట ఆమె మాటకు బదులు కావు. అండాలు తీసే ముందే, తెలివిగా ఉన్నప్పుడే ఆమెను అడగాలి: రక్తం ఆగకపోతే పొట్ట తెరవమంటావా, ప్రాణం మీదికొస్తే ఒక అండాశయం తీయమంటావా? అడుగుతున్నారా మీరు? నలభై సంతకాలు పెట్టించే కాగితాల కట్టలో ఎక్కడో ఒక లైను ఉంటుంది, ఇంగ్లీషులో.

గైనిక్ డాక్టరు: ఆ లైను తెలుగులో ఉండాలి, సంతకానికి ముందు ఎవరైనా కూర్చొని చదివి చెప్పాలి. బిలోలి, ధర్మాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లకు మరాఠీలో, ఉర్దూ మాట్లాడేవాళ్లకు ఉర్దూలో చెప్పాలి. ఇందులో మీతో వాదన లేదు.

మీ హైదరాబాద్ వాదనకు మళ్లీ వస్తాను. 2014లో ఢిల్లీలో ఇరవై మూడేళ్ల యువతి ఒకామె అండాలు దానమిచ్చి, తీసిన తర్వాత చనిపోయింది. అంతకుముందు 2010లో ముంబైలో పదిహేడేళ్ల పిల్ల. ఢిల్లీలో ఏం తక్కువ? రక్తం తక్కువా, ఐసీయూలు తక్కువా, సర్జన్లు తక్కువా? ఊరు పెద్దదైనంత మాత్రాన ప్రాణం దక్కదు సార్.

మత్తు డాక్టరు: దక్కదు. నిజమే. పెద్ద ఊరు అన్న నా మాటను సరిదిద్దుకుంటాను: సదుపాయం ఉన్న ఆసుపత్రి. హైదరాబాద్‌లో కూడా మూడో అంతస్తులో లిఫ్టు పక్క గదిలో నడిచే ఐవీఎఫ్ కేంద్రాలకు నేను అదే చెప్తాను. దాతల సంగతి తీశారు కాబట్టి, ఐవీఎఫ్ లాంటి వైద్యాల మీద వచ్చిన 2021 చట్టం కొంత మేలు చేసింది. దాతకు 23 నుంచి 35 ఏళ్లుండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు. ఆమెకు పన్నెండు నెలల బీమా తీయించాలి. బాగుంది. మరి తనకోసం తాను అండాలు తీయించుకునే బోధన్ అమ్మాయికి? ఆ బీమా దాతకే. మామూలు ఆరోగ్య బీమాలో సంతానలేమి వైద్యాన్నే మినహాయించి పెడతారు. రాత్రి రెండు గంటలకు వెంటిలేటర్ ఖర్చు అంటే ఆ మామగారు పొలం కాగితాలు తీసుకొని బయల్దేరాలి. డబ్బు లేక గంట ఆలస్యమైనా అది రక్తస్రావంలో కలిసే గంటే.

గైనిక్ డాక్టరు: అది నిజామాబాద్ తప్పు కాదు, హైదరాబాద్ ఒప్పూ కాదు. చట్టం సరిచేయాల్సింది.

ఇక హైదరాబాద్‌కు పంపడం. తొడలోని రక్తనాళంలోంచి తీగ పోనిచ్చి, నెత్తురు కారే నాళాన్ని లోపలినుంచే మూసేసే పద్ధతి అక్కడి పెద్ద ఆసుపత్రుల్లో ఉంది. అండాశయం దక్కే అవకాశం దాంతో ఉంటుంది. కొందరికి అదే సరైన దారి. కానీ ఎవరికి? నాడి నిలకడగా ఉన్నవాళ్లకు. బీపీ 80కి దిగిన మనిషిని 108 ఎక్కించి డిచ్‌పల్లి దాటించడం వైద్యం కాదు, బాధ్యత దించుకోవడం. ముందు ఇక్కడే పొట్ట తెరిచి, గాజుగుడ్డలు పెట్టి ఒత్తయినా సరే నెత్తురు ఆపి, రక్తం ఎక్కించి, ఆ తర్వాత పంపాలి.

మత్తు డాక్టరు: అక్కడ మనిద్దరిదీ ఒకే మాట. పంపితే వెంట రక్తం సంచీలు, మత్తు ఇవ్వగల డాక్టరు పోవాలి. ఒట్టి సెలైన్ సీసాతో పంపకూడదు. అవతలి ఆసుపత్రితో డాక్టరు డాక్టరుతో మాట్లాడి ఉండాలి.

గైనిక్ డాక్టరు: మరి ఇంత కలిశాక కూడా నిజామాబాద్‌లో వద్దనే అంటారా?

మత్తు డాక్టరు: ఇప్పుడున్నట్టుగా వద్దనే అంటాను. మీరు చెప్పిన ఏర్పాట్లన్నీ చేయొచ్చు అన్నవే. నేను చూసేవి చేస్తున్నవి. ఆ రెండింటి మధ్య దూరం నిజామాబాద్‌కూ హైదరాబాద్‌కూ మధ్య ఉన్నదానికన్నా ఎక్కువ. ఇకమీదట నా వరకు నేను పెట్టుకునే నియమం ఇది: రెండు యూనిట్లు పేరు రాసి పెట్టలేదంటే, ఆ రాత్రికి పేషెంట్ పక్కన ఒక్క నర్సును కేటాయించలేదంటే, నేను అండాలు తీయడానికి మత్తు ఇవ్వను. ఎవరు పిలిచినా అంతే.

గైనిక్ డాక్టరు: నియమం మంచిదే. నేను పాటిస్తాను. కానీ పాటించే చోట ఆపమంటే ఆపను. బోధన్ ఆడపడుచును హైదరాబాద్ దారి పట్టించి, రాత్రికి మళ్లీ మీ బల్ల మీదే ఎవరో ఏమో తెలియని మనిషిగా చూడటం నాకు ఇష్టం లేదు. హైదరాబాద్ కేంద్రాలను నేనడిగేది ఒక్కటే: పంపేటప్పుడు చేతిలో ఒక కాగితం పెట్టండి. తీసిన తేదీ, ఎన్ని అండాలు, ముందున్న హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, ఆస్పిరిన్ గానీ హెపారిన్ గానీ వాడారా, రాత్రి ఎత్తే ఫోన్ నంబరు. ఆ కాగితం ఉంటే నాకు గంట మిగులుతుంది.

ఇది చదివే ఇళ్లల్లో ఎవరైనా ఈ వైద్యానికి పోతుంటే వాళ్లకూ ఒక మాట. అండాలు తీసిన రోజు రాత్రి దూరప్రయాణం పెట్టుకోకండి, ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే ఉండండి. కళ్లు తిరగడం, పొట్ట బిగదీయడం, భుజంలో నొప్పి, గుండెదడ, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనపడినా గోలీ వేసుకొని పడుకోకండి, తెల్లారేదాకా ఆగకండి. దగ్గరున్న పెద్దాసుపత్రికి పోయి, లోపలికి అడుగుపెట్టగానే మొదటి మాటగా ఇది చెప్పండి: "నిన్న నాకు అండాలు తీశారు."